రిపేరుకు గడువేది?

అద్దెకు తేదీ ఉంటుంది. నెలలో మొదటి వారం దాటితే ఇంటి ఓనరు ఫోను చేస్తాడు. ఆలస్యమైతే ఎంత అదనంగా కట్టాలో అగ్రిమెంటులోనే రాసి ఉంటుంది. అదే ఇంట్లో బాత్రూం పైకప్పు పెచ్చులూడి పడుతున్నా, పడగ్గది గోడ నెమ్మెక్కి బూజు పట్టినా, మీటరు దగ్గర వైర్లు కాలిన వాసన వస్తున్నా ఆ రిపేరుకు మాత్రం తేదీ ఉండదు. మేస్త్రీ వచ్చే వారం వస్తాడంటారు, వానలు తగ్గనివ్వమంటారు, పై అంతస్తువాళ్లతో మాట్లాడుతున్నామంటారు. ఈలోగా నెలలు గడుస్తాయి, అద్దె మాత్రం ప్రతి నెలా పూర్తిగా వెళ్తూనే ఉంటుంది. రిపేరు అడిగే హక్కు మన చట్టాల్లో లేక ఈ పరిస్థితి రాలేదు. హక్కు ఉంది, దానికి గడువు లేదు. 'సమంజసమైన కాలం' అని చట్టం అంటుంది. అది పది రోజులా, పది నెలలా అన్నది చెప్పదు. అద్దెకుండేవాళ్ల ఇబ్బందిలో ఎక్కువ భాగం ఈ రెండు మాటల మధ్యనే ఉంది.

ఈ సంగతి అర్థం చేసుకోవడానికి ఢిల్లీలో ఆర్.కె. పురం కంటే మంచి చోటు దొరకదు. నైరుతి ఢిల్లీలో సెక్టార్లుగా విస్తరించిన ఈ కాలనీ ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లది. బదిలీ మీదో, కొత్త ఉద్యోగంలోనో రాజధానికి వచ్చిన తెలుగు కుటుంబాలు దశాబ్దాలుగా ఇక్కడ ఉంటున్నాయి. కాలనీని ఆనుకుని మునిర్కా, మహమ్మద్‌పూర్ ఊళ్లున్నాయి. అక్కడి ఇరుకు సందుల్లో అంతస్తు మీద అంతస్తు వేసిన ఇళ్లలో, జేఎన్‌యూలో చదివేవాళ్లూ పోటీ పరీక్షలకు తయారయ్యేవాళ్లూ చిన్న ఉద్యోగులూ గది తీసుకుని ఉంటారు. నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నా, పైకప్పు కారినప్పుడు ఈ ఇళ్లకు వర్తించే చట్టం ఒకటి కాదు. క్వార్టరులో ఉన్న ఉద్యోగికి ఒక దారి, నాలుగు దశాబ్దాలుగా పాత అద్దెకున్న కుటుంబానికి ఇంకో దారి, నిన్న మొన్న గదిలో దిగిన విద్యార్థికి వేరే దారి.

ముందు చట్టం గట్టిగా మాట్లాడిన చోటు చూద్దాం. 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టంలో 44వ సెక్షన్ ఉంది. ఇంటిని నివాసయోగ్యంగా, మంచి మరమ్మతులో ఉంచాల్సిన బాధ్యత యజమానిదేనని అది సూటిగా చెబుతుంది. రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాక సమంజసమైన కాలంలో యజమాని పని చేయించకపోతే అద్దెదారే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. ఏడాదిలో ఇలా మినహాయించేది ఆ ఏడాది అద్దెలో పన్నెండో వంతు మించకూడదు, అంటే ఒక నెల అద్దె. అద్దె 3,000 రూపాయలైతే ఏడాదికి 3,000 వరకే. అసలు ఇంట్లో ఉండటమే కష్టమయ్యే పెద్ద రిపేరైతే ఖర్చు అంచనా పట్టుకుని రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లాలి. ఆయన యజమాని మాట కూడా విని అనుమతిస్తే మినహాయింపు ఏడాది అద్దెలో సగం దాకా, ఇదే లెక్కన 18,000 దాకా పెరుగుతుంది. ఆ తర్వాతి 45వ సెక్షన్ ఇంకా కఠినమైనది. నీళ్లు, కరెంటు, మెట్ల దగ్గర దీపాలు, పారిశుద్ధ్యం వంటి అత్యవసర సౌకర్యాలను తగిన కారణం లేకుండా యజమాని ఆపకూడదు. ఆపితే విచారణ ముగియకముందే వాటిని పునరుద్ధరించమని కంట్రోలర్ ఆదేశించవచ్చు. రిపేరు పేరుతో మోటారు విప్పి నెలల తరబడి అలాగే వదిలేసే ఓనర్లకు ఇది గట్టి జవాబే. అయితే అకారణంగా నీళ్లు ఆపినందుకు ఆ సెక్షన్ కింద అద్దెదారుకు ఇప్పించగల పరిహారం 50 రూపాయలకు మించదు. ఆ చట్టం ఏ కాలంలో ఆగిపోయిందో ఈ అంకె ఒక్కటే చెబుతుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు 3వ సెక్షన్‌లో ఉంది. 1988లో చేసిన సవరణ ప్రకారం నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె ఇళ్లకు ఈ చట్టం వర్తించదు. అప్పట్లో 3,500 అంటే సంపన్నులు కట్టే అద్దె. ఇవాళ మునిర్కాలో కిటికీ లేని గది కూడా ఆ డబ్బుకు రాదు. పరిమితిని అలాగే ఉంచేశారు, అద్దెలు పెరుగుతూ పోయాయి. దాంతో 44, 45 సెక్షన్ల రక్షణ ఏ ప్రకటనా లేకుండానే, ఏ చర్చా జరగకుండానే కొత్త అద్దెదారులందరి చేతుల్లోంచీ జారిపోయింది. పార్లమెంటు 1995లో ఢిల్లీ కోసం కొత్త అద్దె చట్టం చేసింది. రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చింది. వ్యాపారుల, పాత అద్దెదారుల నిరసన తర్వాత దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ ఇవ్వనే లేదు. హైదరాబాదు పాఠకులు ఇది ఢిల్లీ గొడవ అనుకోనక్కర్లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో అద్దె నియంత్రణ చట్టానికి చేసిన సవరణ కూడా నగరపాలక సంస్థల పరిధిలో 3,500 దాటిన ఇళ్లను చట్టం బయటికే నెట్టింది.

మరి 3,500 పైన కట్టేవాళ్లకు మిగిలిందేమిటి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, చేతిలో ఉన్న అగ్రిమెంటు. ఆ పాత చట్టంలోని 108వ సెక్షన్ కొన్ని మంచి మాటలే చెబుతుంది. తనకు తెలిసిన, అద్దెదారు మామూలుగా చూస్తే కనిపించని పెద్ద లోపాన్ని యజమాని ముందే చెప్పాలి. నెమ్మెక్కిన గోడకు సున్నం కొట్టించి ఇల్లు చూపించడం ఈ నియమానికి విరుద్ధం. యజమాని చేయించాల్సిన రిపేరును నోటీసు తర్వాత సమంజసమైన కాలంలో చేయించకపోతే అద్దెదారు చేయించుకుని ఖర్చును వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చు. ఇక్కడ పన్నెండో వంతు పరిమితి కూడా లేదు. కానీ 'చేయించాల్సిన' అన్న మాట దగ్గర ఆగి చదవాలి. 1958 చట్టం యజమాని మీద పెట్టిన సాధారణ బాధ్యతను 1882 చట్టం పెట్టలేదు. ఏ రిపేరు ఎవరిదో అగ్రిమెంటే తేల్చాలి. పైగా ఈ సెక్షన్‌లోని హక్కులన్నీ అగ్రిమెంటులో వేరే షరతు లేనప్పుడే పనిచేస్తాయి. ఢిల్లీలో ఫోటోకాపీ దుకాణాల్లో దొరికే రెడీమేడ్ అగ్రిమెంట్లలో మరమ్మతుల భారం అద్దెదారు మీద వేసే వాక్యం తరచూ కనిపిస్తుంది. అద్దె అంకె, అడ్వాన్సు అంకె చూసి సంతకం పెట్టేవాళ్లు ఆ వాక్యంతోనే తమ హక్కును వదులుకుంటున్నారు.

ఇలాంటప్పుడు చాలామందికి తట్టే ఉపాయం అద్దె ఆపేయడం. కోపం న్యాయమైనదే, ఉపాయం మాత్రం ప్రమాదకరమైనది. ఇంట్లో ఉంటూ అద్దె పూర్తిగా మానేస్తే గొడవ రిపేరు గురించి కాకుండా బకాయి గురించి అవుతుంది. 1958 చట్టం వర్తించే ఇంట్లో డిమాండు నోటీసు అందిన రెండు నెలల్లోగా బకాయి కట్టకపోతే అదే ఖాళీ చేయించడానికి కారణమవుతుంది. వర్తించని ఇంట్లో నెలవారీ అద్దెను 15 రోజుల నోటీసుతోనే ముగించవచ్చు. కరోనా లాక్‌డౌన్‌లో ఖాన్ మార్కెట్‌లోని ఒక దుకాణదారు అద్దె నిలిపివేయాలని కోరినప్పుడు ఢిల్లీ హైకోర్టు 2020 మేలో ఒప్పుకోలేదు. ఆస్తి నాశనమైతేనో, శాశ్వతంగా పనికిరాకుండా పోతేనో తప్ప, తాత్కాలికంగా వాడుకోలేకపోయినంత మాత్రాన 108వ సెక్షన్ కింద అద్దె ఆగదని చెప్పి, కట్టే గడువులో కొంత వెసులుబాటు మాత్రం ఇచ్చింది. దీనికి రెండో వైపు కూడా ఉంది. కలకత్తాలోని స్టీఫెన్ కోర్ట్ భవనంలో ఒక ఫ్లాటు అద్దెకిచ్చి అందులో ఒక పడగ్గది అప్పగించని కేసులో, దక్కిన భాగానికి తగినంత అద్దె కడితే చాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1960లలోనే అంగీకరించింది. అంటే మొత్తం ఆపడం వేరు, పోయిన వాటా మేరకు తగ్గించమని కాగితం మీద అడగడం వేరు. మూడు గదుల్లో ఒకటి కారుతూ తాళం వేసి ఉన్నప్పుడు రెండు గదుల అద్దె ఇస్తాననడం బేరం కాదు, న్యాయస్థానం వినదగిన వాదన. దాన్ని ముందుగా రాసి, యజమాని ఒప్పుకోలు తీసుకునో, లేదంటే పూర్తి అద్దె 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసి కట్టి తర్వాత రాబట్టుకునో నడిపించాలి.

రిపేరు కోసం ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే ఇబ్బంది ఇంకా ముదురుతుంది. సామాను ఎక్కడ పెట్టాలి, పిల్లల బడి ఏమవుతుంది, తిరిగి రానిస్తారా అన్న భయాలు ఒక్కసారిగా మీద పడతాయి. దీని గురించి 1958 చట్టం ఆలోచించింది. ఖాళీ చేస్తే తప్ప రిపేరు సాధ్యం కాని శిథిలమైన ఇంటిని యజమాని ఖాళీ చేయించవచ్చు. అయితే పని అయ్యాక తిరిగి వస్తావా అని కంట్రోలర్ అద్దెదారును అడిగి ఆ జవాబును ఉత్తర్వులోనే రాయాలి. నిర్ణయించిన తేదీ నుంచి నెలలోగా పని మొదలు కాకపోయినా, సమంజసమైన కాలంలో పూర్తి కాకపోయినా, పూర్తయ్యాక ఇల్లు అప్పగించకపోయినా అద్దెదారును తిరిగి ప్రవేశపెట్టమనో పరిహారం ఇవ్వమనో ఆదేశించే అధికారం 20వ సెక్షన్ ఇస్తుంది. పని మొదలు పెట్టడానికి ఒక నెల అని ఇక్కడ అంకె ఉందన్నది గమనించాలి. శాసనకర్తలు తలచుకుంటే గడువు రాయగలరు. 3,500 దాటిన ఇంట్లో ఈ రక్షణా లేదు. అక్కడ 'పది రోజులు ఊరెళ్లి రండి' అన్న మాట నమ్మి తాళాలు ఇచ్చేసినవాళ్లకు రాతలో ఏదీ మిగలదు. అందుకే తాళం ఇచ్చే ముందు తిరిగి వచ్చే తేదీ, ఆ రోజుల అద్దె, బయట ఉండే ఖర్చు ఎవరిదన్నది కనీసం ఒక మెసేజీలోనైనా ఖరారు చేసుకోవాలి.

ఇక ప్రభుత్వ క్వార్టర్ల సంగతి. ప్రభుత్వ ఆస్తికి అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. ఉద్యోగి అక్కడ అద్దెదారు కాడు, లైసెన్సు ఫీజు చెల్లించే లైసెన్సుదారు. కేటాయింపు చేసేది ఎస్టేట్స్ డైరెక్టరేట్, మరమ్మతులు చూసేది కేంద్ర ప్రజా పనుల శాఖ (సీపీడబ్ల్యూడీ). నామమాత్రపు ఫీజుకు ఉంటున్నవాళ్లకు ఫిర్యాదెందుకన్న మాట తరచూ వినిపిస్తుంది. అది తప్పు లెక్క. క్వార్టరు తీసుకున్న ఉద్యోగి ఇంటి అద్దె భత్యం వదులుకుంటాడు. ఢిల్లీ వంటి నగరాల్లో 2024 జనవరి నుంచి అది మూల వేతనంలో 30 శాతం. 50,000 మూల వేతనం ఉన్నవాడు నెలకు 15,000 వదులుకుని, దాని మీద ఫీజు కూడా కడుతున్నాడు. అతని క్వార్టరులో పైపు పగిలి నెల దాటితే డబ్బిచ్చి ఇబ్బంది పడుతున్నట్టే. సీపీడబ్ల్యూడీలో నమోదు చేసిన ఫిర్యాదు నంబరు, అది ముందుకు కదలకపోతే కేంద్రం నడిపే ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్, అప్పటికీ జవాబు లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు, ఇవీ అతనికున్న దారులు. సీపీగ్రామ్స్‌కు 2024లో 21 రోజుల పరిష్కార గడువు పెట్టారు. సమాచార హక్కు చట్టంలో 30 రోజులు ముందునుంచీ ఉంది. ఫిర్యాదు ఏ తేదీన ఏ ఇంజనీరు దగ్గర ఆగిందో చెప్పమని అడిగే దరఖాస్తుకు, రిపేరు చేయండని బతిమాలే ఉత్తరం కంటే బలం ఎక్కువ. క్వార్టరును చాటుగా అద్దెకు తీసుకున్నవాళ్ల పరిస్థితి అన్నిటికంటే దయనీయం. ఉపకిరాయి నిషిద్ధం, బయటపడితే కేటాయింపే రద్దవుతుంది. పైకప్పు మీద పడ్డా వాళ్లు పేరు చెప్పి ఫిర్యాదు చేయలేరు. తక్కువ అద్దె చూసి అలాంటి ఇంట్లో దిగవద్దని గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది.

యజమానుల వైపు వాదనలు కొట్టిపారేసేవి కావు. ఢిల్లీలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లంతా ధనవంతులు కారు. ఒక అంతస్తు అద్దె మీదే బతికే విశ్రాంత ఉద్యోగులు, వితంతువులు ఎందరో ఉన్నారు. పాత అద్దెల అన్యాయమూ నిజమే. ఇందాక చెప్పిన ఖాన్ మార్కెట్ దుకాణం 1975లో నెలకు 300 రూపాయలకు తీసుకున్నది. దాని వాడకానికి న్యాయస్థానం తర్వాత కట్టిన విలువ నెలకు 3.5 లక్షలు. అంత తేడా ఉన్నచోట గోడలకు సున్నం వేయించమని యజమానిని నిలదీయడం కష్టమే. కానీ ఆ అన్యాయానికి మందు అద్దెను సవరించడం, పైకప్పును కూలనివ్వడం కాదు. పైగా ఇవాళ రిపేర్ల కోసం తిరుగుతున్నవాళ్లలో అత్యధికులు మార్కెట్ అద్దె కడుతున్నవాళ్లు. వాళ్ల దగ్గర ఈ వాదనకు చోటే లేదు.

నీళ్లు కారేది పై ఫ్లాటు నుంచైతే తానేం చేయగలనంటాడు ఓనరు. పై ఫ్లాటువాళ్లతో తేల్చుకోవాల్సింది అతనే. అద్దెదారుకు వాళ్లెవరో కూడా తెలియదు. ఆ ఆలస్యం అతని తప్పు కాకపోవచ్చు, ఆ ఆలస్యానికయ్యే మూల్యం మాత్రం అద్దెదారు భరించాలనడం న్యాయం కాదు. అద్దె తగ్గించడం శిక్ష కాదు, ఇవ్వని దానికి వసూలు చేయకపోవడం. చలికాలంలో కాలుష్య ఆంక్షలను కారణంగా చూపడం కూడా ఢిల్లీలో అలవాటైంది. గాలి బాగా చెడినప్పుడు నిర్మాణాలు ఆపమనడం నిజమే. కానీ 2021 నవంబరులో నిర్మాణాల మీద నిషేధం పెట్టినప్పుడే ప్లంబింగ్, ఎలక్ట్రికల్, వడ్రంగం, ఇంటి లోపలి అలంకరణ పనులను సుప్రీంకోర్టు మినహాయించింది. కారే పైపు మార్చడానికీ కాలిన వైరు మార్చడానికీ గాలి అడ్డు రాదు.

అసలైన అభ్యంతరం అద్దెదారుల నుంచే వస్తుంది. హక్కుల గురించి ఉత్తరం రాస్తే పదకొండు నెలలు నిండగానే వెళ్లిపొమ్మంటారని. ఈ భయం ఉత్తిది కాదు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అగ్రిమెంట్లు పదకొండు నెలలకే రాస్తారు, పొడిగింపు ఓనరు చేతిలో ఉంటుంది. పరాయి భాష, పరాయి ఊరు, మధ్యలో బ్రోకరు, తీసుకున్న అడ్వాన్సు తిరిగి వస్తుందో లేదోనన్న అనుమానం, ఇవన్నీ కలిసి నోరు కట్టేస్తాయి. అయినా రాయమనే అంటాను, ఎందుకంటే మౌనం కూడా ఇంటిని కాపాడటం లేదు. చెప్పకుండా భరించినవాళ్లను కూడా ఖాళీ చేయించి, గోడ పాడైందని అడ్వాన్సులో కోసుకుంటున్నారు. అప్పుడు చేతిలో తేదీ ఉన్న ఒక కాగితం ఉంటే, గోడ పాడైంది తన వల్ల కాదని చెప్పుకోవడానికి ఆధారం ఉంటుంది. పైగా 1882, 1958 చట్టాలు రెండింటిలోనూ కాలం లెక్క మొదలయ్యేది నోటీసుతోనే. ఆరు నెలలు ఫోనులో మొత్తుకున్నా నోటీసు లేకపోతే చట్టం దృష్టిలో ఆలస్యం ఇంకా మొదలైనట్టే కాదు.

గడువు పెట్టడం సాధ్యమా అని అడిగేవాళ్లు ఇంగ్లండు వైపు చూడాలి. 2020 డిసెంబరులో రోచ్‌డేల్ పట్టణంలో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లవాడు బూజు పట్టిన అద్దె ఫ్లాటులో శ్వాస జబ్బుతో చనిపోయాడు. తల్లిదండ్రులు అంతకు ముందు ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. ఆ పిల్లవాడి పేరుతో వచ్చిన నిబంధనలు 2025 అక్టోబరు 27 నుంచి అక్కడి సామాజిక గృహాలకు అమల్లోకి వచ్చాయి. ప్రాణాపాయమైన లోపమైతే 24 గంటల్లో సరిచేయాలి. తీవ్రమైన చెమ్మ, బూజు అయితే 10 పనిదినాల్లో పరిశీలించి, ఆ తర్వాత 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. కుదరకపోతే యజమాని సంస్థ తన ఖర్చుతో వేరే బస చూపాలి. మనకూ ఒక నమూనా ఉంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కట్టడపు రిపేర్లు, పైపులు మార్చడం, వైరింగు, గోడల సున్నం యజమాని పనులనీ, కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు వంటివి అద్దెదారు పనులనీ విడదీసి రాసింది. యజమాని చేయించకపోతే నెల అద్దెలో సగం వరకు మినహాయించుకోవచ్చంది. 20,000 అద్దె ఇంట్లో నెలకు 10,000 దాకా. ఇల్లు నివాసయోగ్యం కాకుండా పోయి, రాసి అడిగినా చేయించకపోతే 15 రోజుల నోటీసుతో వెళ్లిపోవచ్చంది. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంది. అండమాన్ నికోబార్, లక్షద్వీప్ వంటి కేంద్రపాలిత ప్రాంతాలకు ఈ పద్ధతిలో అద్దె నిబంధనలను కేంద్రం 2023లో ఆమోదించింది. ఢిల్లీ అద్దె చట్టం పార్లమెంటు చేసింది, పార్లమెంటు దాన్ని మార్చగలదు. ద్వీపాలకు ఇచ్చినదాన్ని తన కార్యాలయాల పక్కనే ఉన్న మునిర్కాకు కేంద్రం ఇవ్వకపోవడానికి సమంజసమైన కారణం నాకు కనిపించదు. ఇచ్చేటప్పుడు నమూనాలో లేని రోజుల లెక్క కూడా చేర్చాలి: కరెంటు, నీళ్లు, మురుగు అయితే గంటల్లో, చెమ్మ, పైకప్పు అయితే రోజుల్లో.

అది వచ్చేదాకా ఆ లెక్కను అగ్రిమెంటులో మనమే రాయించుకోవాలి. పొడిగింపు నెలలో అద్దె పెంపు మాట్లాడేటప్పుడే కట్టడం, పైపులు, వైరింగు యజమానివనీ, రాసి చెప్పిన ఇన్ని రోజుల్లో చేయించాలనీ, లేకుంటే అద్దెదారు చేయించుకుని బిల్లు చూపి మినహాయించుకోవచ్చనీ, గది వాడలేని రోజులకు అద్దె తగ్గుతుందనీ చేర్పించండి. ఇల్లు తీసుకున్న రోజునే గోడలూ పైకప్పూ ఫోటోలు తీసి ఓనరుకు పంపండి. ఏది చెడినా తేదీ వేసి వాట్సాప్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ రాయండి. ఎలక్ట్రానిక్ రికార్డులు సాక్ష్యంగా చెల్లే పద్ధతి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియంలో ఉంది కాబట్టి ఫోను మార్చినప్పుడు ఆ మెసేజీలు చెరపవద్దు. గొడవ ముదిరితే మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో సంబంధం లేకుండా, ఇతరులకు ఆదాయ పరిమితికి లోబడి న్యాయ సేవా సంస్థ ద్వారా ఉచితంగా వకీలు దొరుకుతారు. దేశమంతటా పనిచేసే ఆ సంస్థ హెల్ప్‌లైన్ నంబరు 15100.